గ్రాఫైట్ గాలపు కర్ర: సున్నితత్వ నిర్ధారణ

గాలపు కర్ర సున్నితత్వం అంటే ఎర దగ్గర పుట్టిన చిన్న కదలికను దారం, కర్రల మీదుగా చేతికి స్పష్టంగా చేర్చే గుణం. చేప ఎరను నోట కరిచి వదిలేయడం, ఎర రాయికి తగలడం, బురదలో జారడం వేర్వేరుగా తెలిసే కర్రను సున్నితమైనదిగా లెక్కిస్తారు.

దృఢమైన కార్బన్ పోగును 1960లలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్ అభివృద్ధి చేసింది. 1970లలో అమెరికాకు చెందిన ఫెన్విక్ సంస్థ ఈ పోగుతో చేసిన గ్రాఫైట్ కర్రలను అంగళ్లకు తెచ్చింది. గాజు పోగు స్థితిస్థాపక గుణకం సుమారు 70 గిగాపాస్కల్‌లు, సాధారణ కార్బన్ పోగుది 230. కార్బన్ పోగు సాంద్రత మాత్రం ఘన సెంటీమీటరుకు 1.8 గ్రాములే, గాజుది 2.5. తేలికగా, బిగువుగా ఉన్న కర్ర వేగంగా కంపించి త్వరగా నిలకడకు వస్తుంది.

కొనేముందు వాడబోయే రీలు బిగించి కర్రను ఒక్కసారి విదిలిస్తారు. కొన చాలాసేపు ఊగితే అక్కడ దారం దూరే వలయాలు బరువైనవి కావచ్చు. మరొకరు కొనను గోటితో మీటినప్పుడు పిడి దగ్గర తెలిసే అదురూ ఒక ఆధారమే. అయితే పొడవు, బలం సమానంగా ఉన్న కర్రలనే పోల్చాలి. ఐఎం6, ఐఎం7, ఐఎం8 అనే గుర్తులు పోగుల వాణిజ్య నామాలుగా మొదలైనవి, పరిశ్రమ అంతటి ప్రమాణాలు కావు. వాటిని చూసి రెండు కంపెనీల కర్రలను తూచడం వృథా. సాగే నైలాన్ దారం కట్టి పరీక్షిస్తే మంచి కర్ర కూడా మొద్దుగా తోస్తుంది. అల్లిన పాలిథిలీన్ దారంతో అదురు తేటగా అందుతుంది.

గుణకం పెరిగేకొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది. గ్రాఫైట్ విద్యుద్వాహకం కనుక కరెంటు తీగల దగ్గర, ఉరుముల వేళ ఈ కర్రలు ప్రమాదకరం.