ఏడడుగుల పడవ

ఇంగ్లండు కాలువల మీద తిరిగే నారోబోటు పొడవు 70 అడుగుల దాకా ఉంటుంది. వెడల్పు ఏడడుగులు కూడా నిండదు. అంత పొడవుకు ఇంత సన్నదనం ఎందుకొచ్చిందో తెలియాలంటే 1766 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు పార్లమెంటు అనుమతిచ్చింది. తొలి మట్టి తవ్వినవాడు పింగాణీ పాత్రల తయారీదారు జొసయా వెడ్జ్‌వుడ్. గతుకుల బాటల్లో గుర్రాల వీపున పంపిన సరుకు దారిలోనే పగిలిపోతుంటే ఆయనకు నీటిదారి తప్పనిసరైంది. తవ్వించే బాధ్యత జేమ్స్ బ్రిండ్లీది. పెద్దగా చదువుకోని మిల్లు మేస్త్రీ ఆయన. వర్స్‌లీ గనుల బొగ్గును మాంచెస్టర్‌కు చేర్చడానికి 1761లో తెరిచిన బ్రిడ్జ్‌వాటర్ కాలువ పనిలో అప్పటికే చేయి తిరిగింది. ఆ కాలువతో బొగ్గు ధర సగానికి దిగింది.

కొత్త కాలువకు హేర్‌కాసిల్ కొండ అడ్డొచ్చింది. రెండున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తొలవాలి. వెడల్పు పెంచితే ఖర్చు, లాకులు పెద్దవి చేస్తే నీళ్లు చాలవు. బ్రిండ్లీ లాకుల వెడల్పును ఏడడుగులకు కుదించాడు. (గోదావరి డెల్టా వాళ్లకు లాకులంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కాటన్ దొర కాలువల్లో పడవలు ఎక్కిందీ దిగిందీ వాటిలోనే.) సొరంగంలో పడవను లాగే గుర్రం నడిచే గట్టుకు కూడా చోటు లేదు. గుర్రాన్ని కొండ మీదుగా తోలుకెళ్లేవారు. మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని, కాళ్లతో గోడలను తన్నుకుంటూ, చీకట్లో గంటల తరబడి దాన్ని ముందుకు నెట్టేవారు. బ్రిండ్లీ 1772లోనే పోయాడు, కాలువ 1777లో పూర్తయింది. ఆ తర్వాత మిడ్‌ల్యాండ్స్‌లో తవ్విన చాలా కాలువలు అదే కొలత పట్టుకున్నాయి.

రైళ్లొచ్చాక ఆ కొలత మనుషుల మీద పడింది. పోటీలో కిరాయిలు పడిపోయి, పడవవాళ్లు గట్టు మీది ఇళ్లు వదులుకుని పెళ్లాం పిల్లలతో పడవెక్కారు. సరుకుకు చోటు తగ్గకూడదు కాబట్టి సంసారానికి దక్కింది వెనకవైపు పదడుగుల గది. లోపలికి అడుగుపెట్టగానే బొగ్గు పొయ్యి, దాని పక్కన అలమర. అలమర తలుపు కిందికి దించితే అదే భోజనాల బల్ల. రాత్రి అడ్డంగా పలక వేస్తే అదే మంచం. తలుపులకూ నీళ్ల డబ్బాలకూ గులాబీలు, కోటల బొమ్మలు. ఆ రంగులు చూసి మురిసిపోయే యాత్రికులు, ఆ గదిలో బడి మొహం చూడకుండా పెరిగిన పిల్లల్ని కూడా తలుచుకోవాలి. జార్జ్ స్మిత్ అనే సంస్కర్త పోరగా పోరగా 1877లో చట్టం వచ్చింది, ఒక గదిలో ఎందరుండాలో లెక్క పెట్టింది.

ఇరవయ్యో శతాబ్దంలో లారీలు రవాణాను లాగేసుకున్నాయి. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టి, మిగిలిన సరుకు పడవలకూ దాదాపు మంగళం పాడాయి. అయినా కాలువలు పూడిపోకుండా నిలిచాయంటే అందులో బాన్‌బరీ అనే సంత ఊరికి వాటా ఉంది.

ఇంగ్లిషు మీడియం పిల్లలకు ఈ పేరు నర్సరీ పాటలో వినిపించేదే. ఆక్స్‌ఫర్డ్ కాలువ 1778లో ఈ ఊరు చేరింది. 1790 నాటి టూలీస్ అనే పడవల రేవులో 1939లో ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజినీరు ‘క్రెసీ’ అనే పాత పడవను ఇల్లుగా మార్పించుకుని, భార్య ఏంజెలాతో బయల్దేరాడు. ఆ ప్రయాణం మీద ఆయన రాసిన ‘నారో బోట్’ 1944లో వచ్చింది. దాన్ని చదివిన రాబర్ట్ ఐక్‌మన్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరూ కలిసి 1946లో కాలువల రక్షణకు సంఘం పెట్టారు. 1968 చట్టం విహార పడవల కోసం కాలువల్ని కాపాడే పూచీ తీసుకుంది. ఒక్క పుస్తకం ఇంత పని చేసిన సందర్భాలు అరుదు.

ఇప్పుడు అద్దె నారోబోటు నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. గంటకు నాలుగు మైళ్లు దాటకూడదు, లాకులు మాత్రం చాలాచోట్ల చేత్తో తిప్పి తెరుచుకోవాలి. ఇంగ్లండులో ఉన్న తెలుగువాళ్లు ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద వెళ్తే బాన్‌బరీలో దిగండి. ఎండుద్రాక్ష కూరిన బాన్‌బరీ కేకు తినండి, షాపింగ్ మాల్ కట్టడాల మధ్య ఇంకా నిలిచి ఉన్న టూలీస్ రేవును తప్పకుండా చూడండి.