400 గ్రేల మామిడిపండు

భారతీయ మామిడిని అమెరికా 2007లో ఒక షరతు మీద రానిచ్చింది: పండుతో పాటు పురుగుల బెడద రాకుండా, ప్రతి పండుకూ కనీసం 400 గ్రేల వికిరణం అందాలి. ఆ పని మహారాష్ట్రలోని లాసల్‌గావ్ కేంద్రంలో మొదలైంది. మనిషి ఒళ్లంతటికీ ఒక్కసారిగా నాలుగైదు గ్రేలు తగిలితే, వైద్యం అందనివారిలో దాదాపు సగం మంది బతకరు. మరి 400 గ్రేల పండును తినడమెలా? పదాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

వికిరణం: అనగా ప్రయాణించే శక్తి. ఇక్కడ కోబాల్ట్-60 విడిచే గామా కిరణాలు. ఇవి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగలవు; పండులోని కేంద్రకాలను మార్చడానికి వాటి శక్తి చాలదు.

రేడియోధార్మికత: అనగా కేంద్రకం తనంత తానే మారుతూ వికిరణాన్ని విడిచే గుణం. ఇది కోబాల్ట్‌ది, పండుది కాదు. దీపం వెలుగు పడినంత మాత్రాన గోడ దీపమైపోదు. కోబాల్ట్ ఉక్కు గొట్టాల్లో సీలు వేసి ఉంటుంది కనుక దాని రవ్వ కూడా పండుకు అంటదు. అలా అంటితే దాన్ని కాలుష్యం అంటారు. అది వేరే సంగతి.

గ్రే: కిలో పదార్థం పీల్చుకున్న ఒక జౌలు శక్తి. 400 గ్రేలతో నీరు వేడెక్కేది డిగ్రీలో పదో వంతు. అంత కొంచెం శక్తికి పురుగు ఎలా లొంగుతుంది? హాని వేడి వల్ల కాదు, కణంలోని డీఎన్ఏ తెగడం వల్ల. టెంక పురుగు అప్పటికప్పుడే చావకపోవచ్చు. దాని సంతతి మాత్రం ఆగిపోతుంది. కాబట్టి పండులో పురుగు కదిలిందంటే వికిరణం పడలేదని కాదు.

సీవర్ట్: మనిషికి కలగగల హానిని లెక్కగట్టే కొలత, పండుకు ఇది వర్తించదు. మన దేశంలో వికిరణంతో పనిచేసేవారికి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు; సామాన్య ప్రజలకు 1. ప్రకృతి నుంచే ప్రపంచ సగటున 2.4 అందుతుంటే ఈ 1కి అర్థమేమిటి? అది ప్రకృతి ఇచ్చేదానికీ, వైద్య పరీక్షల్లో తగిలేదానికీ అదనంగా, మనుషుల పనుల వల్ల చేరేదానికి పెట్టిన హద్దు.

అర్ధాయువు: రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం. కోబాల్ట్-60కి అది 5.27 ఏళ్లు. ఎక్స్‌రే యంత్రానికి కరెంటు తీస్తే కిరణాలు ఆగుతాయి. కోబాల్ట్‌కు స్విచ్ లేదు. అందుకే గదికి మందపాటి కాంక్రీటు గోడలు కడతారు. చాలా కేంద్రాల్లో పని లేనప్పుడు కోబాల్ట్‌ను లోతైన నీటి కొలనులోకి దించుతారు. కోబాల్ట్ రేడియోధార్మికత వెయ్యో వంతుకు తగ్గాలంటే దాదాపు 53 ఏళ్లు పడుతుంది. అనగా వాడకం ముగిసినా కాపలా ముగియదు. 2010లో ఢిల్లీ మాయాపురిలో, మూలపడ్డ పరికరం ఒకటి తుక్కు కింద అమ్ముడుపోయింది. దాన్ని విప్పినప్పుడు కోబాల్ట్ బయటపడి ఒక కార్మికుడు చనిపోయాడు. జాగ్రత్త పడవలసింది కిరణం తగిలిన పండు దగ్గర కాదు, లెక్కలోంచి జారిపోయిన కోబాల్ట్ దగ్గర.