ఇంటి కంప్యూటర్‌లో అతిథి ఖాతా

1984లో యాపిల్ సంస్థ మాకింటాష్‌ను విడుదల చేసినప్పుడు, దాని తయారీకి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, వార్మ్ స్ప్రింగ్స్ ప్రాంతంలో కొత్త కర్మాగారం తెరిచింది. అక్కడ తయారైన కంప్యూటర్‌లో ఖాతాలు లేవు, పాస్‌వర్డ్ లేదు. మీట నొక్కినవారిదే యంత్రం. దాన్ని అజాగ్రత్త అనలేం. హార్డ్ డిస్క్ లేని ఆ యంత్రంలో రాసుకున్నదంతా 400 కిలోబైట్ల ఫ్లాపీ మీదే ఉండేది. ఫ్లాపీ తీసి బీరువాలో పెడితే, ఇంటికొచ్చినవారు చూడడానికి ఏమీ మిగిలేది కాదు.

పాస్‌వర్డ్ అంతకుముందే ఉంది. ఒకే యంత్రాన్ని ఎందరో పంచుకునే ఎం.ఐ.టి.లో, ఫెర్నాండో కోర్బాటో బృందం 1960ల మొదట్లోనే దాన్ని వాడింది. ఇళ్లలో దాని అవసరం తెచ్చింది హార్డ్ డిస్క్. ఇంటిల్లిపాది ఫైళ్లూ ఒకేచోట చేరాయి. విండోస్ 95 పాస్‌వర్డ్ అడిగేది, కానీ ఎస్కేప్ మీట నొక్కితే లోపలికి పోనిచ్చేది. ఏ ఫైలు ఎవరిదో గుర్తుంచుకునే ఏర్పాటే దాని ఫ్యాట్ ఫైల్ వ్యవస్థలో లేదు.

ఆ ఏర్పాటు 2001లో విండోస్ ఎక్స్‌పితో మామూలు ఇళ్లకు చేరింది. అందులోని అతిథి ఖాతా మొదట ఆపేసి ఉండేది. తెరిస్తే పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకునేది, కావాలంటే కమాండ్ ద్వారా పెట్టుకోవాలి. అయితే చాలామంది పట్టించుకోని అసలు లోపం యజమాని ఖాతాలో ఉండేది. దానికి పాస్‌వర్డ్ లేకపోతే, అతిథి స్వాగత తెర మీద యజమాని పేరు నొక్కి నేరుగా లోపలికి వెళ్లవచ్చు. అతిథి ఖాతాకు ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా అది ఆగదు.

2007లో మాక్ ఓఎస్ టెన్ లెపర్డ్ మరో దారి పట్టింది. అతిథికి పాస్‌వర్డ్ అడగకుండా, లాగౌట్ కాగానే అతని ఫైళ్లన్నీ చెరిపేసింది. ఒక పూట వచ్చిపోయే స్నేహితుడికి ఇది చక్కగా సరిపోతుంది. ఫ్రీమాంట్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు నెలల తరబడి ఉంటారు. మనవల ఫొటోలు, ఊరివాళ్లతో ఉత్తరాలు రోజూ చెరిగిపోతే వారికి లాభం లేదు. వారికి తగినది సొంత పాస్‌వర్డ్ ఉన్న సాధారణ ఖాతా: ఫైళ్లు నిలుస్తాయి, యజమాని అనుమతి లేనిదే యంత్రం అమరికలు మారవు. 2015లో వచ్చిన విండోస్ 10 పాత అతిథి ఖాతాను లాగిన్ తెర నుంచి తీసేశాక, అక్కడా ఈ పద్ధతే మిగిలింది.