కాలేయ క్యాన్సర్ ఆచూకీ రక్తంలో దొరికిన కథ

కాలేయ క్యాన్సర్ చాలాకాలం చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. కామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరేసరికి తరచూ పరిస్థితి చెయ్యి దాటిపోతుంది. అలాంటి రోగం ఆనవాలు రక్తంలో దొరుకుతుందని 1963లో మాస్కోలో తెలిసింది. గార్రీ అబెలెవ్ బృందం కాలేయ కణితి ఉన్న ఎలుకల రక్తంలో ఒక ప్రొటీన్‌ను గమనించింది. అది పిండదశలో ఉండి, పుట్టాక దాదాపు కనుమరుగయ్యేది. క్యాన్సర్ వచ్చాక మళ్లీ తలెత్తింది. మరుసటి ఏడాదే యూరి తతారినోవ్ దాన్ని కాలేయ క్యాన్సర్ రోగి రక్తంలోనూ చూశారు. ఆ ప్రొటీన్ పేరే ఆల్ఫా-ఫీటోప్రొటీన్ (ఏఎఫ్‌పీ). ఇప్పుడు డాక్టర్లు రాసే ఏఎఫ్‌పీ పరీక్ష అలా పుట్టింది.

అయితే ఏఎఫ్‌పీ ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు. కణితి చిన్నగా ఉన్నప్పుడు చాలామందిలో అది పెరగదు. గర్భిణుల్లో, కొందరు హెపటైటిస్ రోగుల్లో క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది. 1984లో దీనికి పివ్కా-2 అనే మరో ఆనవాలు తోడైంది. రక్తం గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే ప్రోత్రాంబిన్‌కు అది అసంపూర్ణ రూపం.

ఈలోగా అమెరికాలో మరో దారి తెరుచుకుంది. మనుషుల రక్తంలో వారసత్వ తేడాలు వెతుకుతున్న బరూక్ బ్లంబర్గ్‌కు ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త ప్రొటీన్ కనిపించింది. 1965లో ఆయన ప్రకటించిన ఆ ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ హెపటైటిస్-బి వైరస్ పైపొరలోదని తర్వాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1981లో తైవాన్ నుంచి వచ్చిన లెక్క ప్రపంచాన్ని కదిలించింది. 22,707 మంది పురుషులను గమనిస్తే, కాలేయ క్యాన్సర్‌తో చనిపోయిన 41 మందిలో 40 మంది రక్తంలో ఆ యాంటిజెన్ ఉంది. కణితి పుట్టకముందే ముప్పు ఎవరికో రక్తం చెబుతోందన్నమాట.

ఆ యాంటిజెన్‌నే ఈస్ట్ కణాల్లో తయారుచేస్తే టీకా అవుతుంది. కానీ దిగుమతి టీకా డోసు వందల రూపాయలు పలికేది. ఇక్కడే నెల్లూరు జిల్లా బిడ్డ కథలోకి వస్తారు. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి సాంకేతికత కోసం విదేశీ కంపెనీని అడిగితే అది కాదంది. ఆయన 1993లో తల్లి పేరున హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) ప్రయోగశాలలు ఆసరా ఇచ్చాయి. ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది. 1997లో దేశీయ టీకా షాన్‌వ్యాక్-బి వెలువడి, ధరను సామాన్యుడి అందుబాటులోకి దించింది. 2011 నాటికి హెపటైటిస్-బి టీకా దేశమంతటా జాతీయ టీకాల కార్యక్రమంలో చేరింది.

ఈ పరంపర ఫలం అదే నెల్లూరు జిల్లాలో పెన్నా ఒడ్డున ఉన్న సంగంలోని ప్రతి ఇంటికీ దక్కాలి. బిడ్డ పుట్టిన 24 గంటల్లో తొలి డోసు వేయించాలి. పెద్దలు ఒక్కసారైనా ఆ ఆస్ట్రేలియా యాంటిజెన్‌ను వెతికే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించుకోవాలి. పాజిటివ్ వస్తే భయపడి దాచుకోవద్దు. వైరస్‌ను అదుపులో ఉంచే మందులున్నాయి. డాక్టర్ ముప్పు ఎక్కువని చెప్పినవారు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ చేయించుకుంటే కణితి చిన్నగా ఉండగానే దొరకవచ్చు. అప్పుడు దాన్ని కోసి తీసేసి మనిషిని బతికించే అవకాశం ఉంటుంది.