కందెన నుంచి సింథటిక్ ఆయిలు దాకా

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అనే సామెత మన ఇళ్ళల్లో ఇంకా బతికే ఉంది. కందెన అంటే ఏమిటో మాత్రం మన పిల్లల్లో సగం మందికి తెలియదు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి బండి ఇరుసుకు పూసే జిడ్డు అది. బండి కింద ఒక వెదురు గొట్టంలో వేలాడుతూ ఉండేది. బాగేపల్లి సంతకు పోయే బండి చక్రం కిర్రుమంటే చాలు, దిగి పూసేవాళ్ళు. ఎన్ని మైళ్ళకు ఒకసారి పూయాలి అని ఎవరూ లెక్క పెట్టలేదు, చెవే లెక్క.

ఇప్పుడు ఈ కథ ఎందుకంటే, చింతామణిలో మా పెద్దనాయన కారు ఇంజన్ ఈ ఏడు విప్పాల్సి వచ్చింది. రెండేళ్ళలో ఆ కారు తిరిగింది ఆరు వేల కిలోమీటర్లే. పోసింది మంచి సింథటిక్ ఆయిలే. "సింథటిక్ పోసినాము కదా పెద్దనాయనా, పది వేల దాకా దాని జోలికే పోవద్దు" అని ఫోన్లో చెప్పింది నేనే. ఆయన నా మాట నమ్మినాడు. మూత తీసి చూస్తే లోపలంతా నల్లటి మడ్డి, చెంచాతో తీయొచ్చు. ఆ పది వేలు అనే అంకె నాకు ఎక్కడి నుంచి వచ్చిందని వెనక్కి వెతుక్కుంటూ పోతే, కథ కందెన దాకా పోయింది.

మొదటి మోటార్లకు కూడా ఆయిలు "మార్చడం" అనే పని లేదు. చాలా ఇంజన్లలో చుక్క చుక్కగా పడిన నూనె మండిపోయేది, కారిపోయేది. మళ్ళీ పోసేవాళ్ళు, బండి కందెన మాదిరే. అదే నూనెను అడుగున తొట్టిలో నిలిపి మళ్ళీ మళ్ళీ తిప్పడం మొదలైనాకే అది పాతబడటం అనే సంగతి పుట్టింది. ఫోర్డ్ మోడల్ టీ కారు పుస్తకం 750 మైళ్ళకు, అంటే సుమారు 1,200 కిలోమీటర్లకు ఒకసారి ఆయిలు దించేయమంది. దాంట్లో ఆయిలు ఫిల్టరే లేదు మరి. ప్యూరోలేటర్ అనే ఫిల్టర్ అమెరికాలో వచ్చింది 1923లో.

ఆ కాలపు మంచి ఆయిల్లో మన ఆముదం కూడా ఉంది. వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఆయిలుకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఇంగ్లీషులో ఆముదాన్ని క్యాస్టర్ అంటారు, పేరు అక్కడి నుంచే. మొదటి ప్రపంచ యుద్ధంలో గిర్రున తిరిగే రోటరీ విమాన ఇంజన్లకు ఆముదమే పోసేవాళ్ళు, ఎందుకంటే అది పెట్రోల్లో తొందరగా కరగదు, ఎంత వేడికైనా లోహాన్ని పట్టుకునే ఉంటుంది. దాని పొగ పీల్చిన పైలట్లకు కడుపు కదిలేదని చెప్పుకుంటారు. మా అవ్వ వింటే నవ్వేది, నెలకొకసారి మాకు తాగించింది అదే కదా! కానీ ఆముదానికి ఒక జబ్బు ఉంది. వేడికి కాలేకొద్దీ బంకగా, వార్నిషులాగా గట్టిపడుతుంది. అందుకే రోజూ నడిచే కారుకు భూమిలోంచి తీసిన నూనే గెలిచింది.

మన చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారిని ఇక్కడ తలచుకోకపోతే తప్పు. వాళ్ళ పూర్వీకులది గిద్దలూరు దగ్గరి మోక్షగుండం, మనలాగే వలస వచ్చిన తెలుగు కుటుంబం. కార్లు ఈ దేశంలోనే తయారు కావాలని 1930లలో యూరప్, అమెరికా తిరిగి పథకం వేసింది ఆయన. ఆ పథకం ఆయన అనుకున్నట్టు నడవలేదు. అంబాసిడర్, ఫియట్ కార్లు వచ్చింది స్వాతంత్ర్యం తరువాత.

మా తాత చెప్పిన "మూడు వేలకు మార్చాల్సిందే" అనే మాట ఆ కార్ల కాలానిది. ఆ అంకెను ఇప్పటివాళ్ళు ఎగతాళి చేస్తారు గానీ, అది ఆనాటికి సరైనదే. 1990ల మొదట్లో మన డీజిల్లో గంధకం నూటికి ఒక పాలు దాకా ఉండొచ్చు. అది మండితే ఆమ్లం పుట్టి ఆయిల్లోకి దిగుతుంది. దాన్ని విరిచే క్షారపు మందులు ఆయిల్లో కొంతే ఉంటాయి, అయిపోతే ఇంజన్ తినుకుపోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 ఇంధనంలో గంధకం పది లక్షలకు పది పాళ్ళు మాత్రమే. తాత అంకె మారింది సగం ఆయిలు వల్లే, మిగతా సగం బంకులో పోసేదాని వల్ల. (అమెరికాలో ఉండే మా మేనత్త కొడుకు కూడా "మూడు వేలు" అనే అంటాడు. అతనివి మైళ్ళు, అంటే 4,800 కిలోమీటర్లు. ఇద్దరూ పండక్కి ఒకే అంకె చెప్పి ఒక గంట పోట్లాడుకున్నారు.)

సింథటిక్ కథ వేరే. యుద్ధకాలంలో జర్మనీకి ముడి చమురు కొరత, రష్యా చలికి మామూలు ఆయిలు గడ్డకట్టడం, ఈ రెండూ కలిసి రసాయన శాలల్లో నూనె తయారు చేయించాయి. తరువాత జెట్ ఇంజన్లకు వాడిన సింథటిక్ ఆయిళ్ళలో ఒక రకం సెబాసిక్ ఆమ్లంతో చేసింది, ఆ ఆమ్లం తీసేది ఆముదం నుంచే! ఇది చదివినప్పుడు నాకు భలే అనిపించింది. జెట్ విమానాల్లో ఆ ఆయిలు పనితనం చూసిన ఒక పైలట్ అమెరికాలో ఆమ్‌సాయిల్ పెట్టి, 1972లో కార్లకు సింథటిక్ ఆయిలు తెచ్చినాడు. 25,000 మైళ్ళు లేదా ఒక సంవత్సరం అన్నాడు. 1974లో మొబిల్ 1 వచ్చింది. "లేదా ఒక సంవత్సరం" అనే ఆ రెండో సగాన్ని అప్పటి నుంచీ జనం చదవకుండా వదిలేస్తున్నారు. నేను కూడా.

పెద్దనాయన కారు రోజూ ఇంటి నుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు పోతుంది. ఇంజన్ సరిగా వేడెక్కకముందే ఆగిపోతుంది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి, మండని పెట్రోలు ఆయిల్లోకి దిగి, ఆవిరయ్యే అవకాశం లేక అక్కడే ఉండిపోతాయి. అట్లా రెండేళ్ళు. కిలోమీటర్ల లెక్కలో ఆ ఆయిలు పసిపిల్ల, పని లెక్కలో ముసలిది. బాగేపల్లిలో చిన్నాయన కారు హైవే మీద వారానికి మూడుసార్లు బెంగుళూరుకు పోయి వస్తుంది. పది వేలు తిరిగినా దాని ఆయిలు మేలుగా ఉంటుంది. చిక్కబళ్ళాపురంలో క్వారీ రోడ్డు మీద తిరిగే మా బావమరిది బొలెరోది మూడో రకం. ఎయిర్ ఫిల్టర్ దాటిన సన్నటి రాతిపొడి ఆయిల్లో కలిస్తే అది సానరాయే. చాలా కంపెనీల పుస్తకాల్లో దుమ్ము రోడ్లకు, చిన్న చిన్న ప్రయాణాలకు వేరే, తక్కువ గడువు రాసే ఉంటుంది, సాధారణంగా వెనక పేజీల్లో.

రంగు చూసి భయపడేవాళ్ళకు ఒక మాట. ఆయిలు నల్లబడటం తప్పు కాదు, దాంట్లోని సబ్బులాంటి మందు మసిని కడుగుతున్నట్టు. డీజిల్ బండిలో అయితే కొద్ది రోజులకే నల్లబడుతుంది. డిప్‌స్టిక్ మీద మజ్జిగ రంగు కనిపిస్తే మాత్రం నీళ్ళు కలిసినట్టు, ఆ రోజే మెకానిక్‌కు చూపించండి.

ఇప్పుడు మూడిళ్ళలోనూ బానెట్ లోపల చీటీ అంటించినాము. చిన్నాయనది పది వేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. బొలెరోకు పుస్తకంలో రాసిన దుమ్ము గడువే. పెద్దనాయన చీటీ మీద కిలోమీటర్లు రాయలేదు, సంక్రాంతి, దసరా అని రెండు పండగల పేర్లే రాసినాము. వారానికొకసారి కైవారం దాకా పోయి రమ్మని కూడా చెప్పినాను. "ఈసారి నీ మాట వింటాను లేరా" అన్నాడు, కొంచెం ఎత్తిపొడుపుగానే.