దూరస్థసభ్యులు: పరిషత్పత్రిక మొదలు తెవికీ రచ్చబండ వఱకు

సాహిత్యసంఘముల చరిత్రము వ్రాయువారు స్థాపకుల నామములను, గ్రంథముల పట్టికను నిచ్చి విరమింతురు. సంఘమునకుఁ బ్రాణము సభ్యులు. ఊరూరఁ జెదరియున్న వారిని సంఘము లేయుపాయమునఁ దమ పనిలోఁ బాల్గొనఁజేసినవో విచారించుట యావశ్యకము.

1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. 1911లో జయంతి రామయ్యపంతులుగారి పూనికతో మదరాసున నాంధ్రసాహిత్యపరిషత్తు వెలసెను. మండలికి గ్రంథమాలయుఁ, బరిషత్తునకుఁ బత్రికయు దూరస్థులతోడి బంధములయ్యెను. టపా చేరు పల్లెలకెల్ల వీని వాక్కు చేరఁగలిగెను. కాని తిరుగువాక్కు మందగతిఁ గలది. పల్లెనున్న పండితుఁడు పత్రికలో నొక పొరపాటు గనిపెట్టినచో జాబు వ్రాయవలెను; దానిని సంపాదకుఁ డామోదింపవలెను; సవరణమునకై మఱుసంచిక వచ్చుదనుక వేచియుండవలెను.

ఈ వ్యవధానమును దొలఁగించినది యంతర్జాలము. 1990వ దశాబ్దిలో విదేశములందలి తెలుఁగువారు రోమనులిపిలోఁ దెలుఁగు వ్రాసికొని సంభాషించిరి. 1998లో నమెరికాలోని తెలుఁగువారి పూనికతో 'ఈమాట' జాలపత్రికగా వెలువడెను. 2003 డిసెంబరులోఁ దెలుఁగు వికీపీడియా పుట్టెను. దానినే తెవికీ యందురు. ఇందుఁ జదువరియే సంపాదకుఁడు. ప్రతివ్యాసమునకును జర్చాపుట యొకటి, చరిత్రపుట యొకటి గలవు. ఎవ రేపదమును మార్చిరో, యెన్నఁడు మార్చిరో చరిత్రపుటయందు నిలిచియుండును. అందఱకుఁ జెందిన విషయములను జర్చించు పుటకు 'రచ్చబండ' యని పేరిడుట మిక్కిలి యుచితము.

అనకాపల్లి జిల్లాలోని దేవరాపల్లి నుదాహరణముగాఁ గొందము. ఈ మండలము 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజనము జరుగువఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది. పూర్వముద్రితగ్రంథములందుఁ బాతజిల్లా పేరే నిలిచియుండును; జాలపుటనో యొక సభ్యుఁడు నిమిషములో సవరింపఁగలఁడు. ఈ ప్రాంతమున శారదానదిపై రైవాడ జలాశయము గలదని యెల్లరు నెఱుఁగుదురు. చెఱువుల, గట్టుల, మెట్టల పూర్వనామములును, వానికిఁ గారణములును మాత్ర మాయూరి వృద్ధులకే తెలియును. వారి మనుమఁడు వానిని దెవికీలో వ్రాసినచోఁ బ్రకటితమైన యాధారమును జూపుమని తోడిసభ్యులు కోరుదురు. కోరుట న్యాయమే. కాని యచ్చునకెక్కని యూరు జాలమునకును దవ్వగుచున్నది.

కావున సంఘపత్రికల యక్కఱ తీఱలేదు. పాఠశాలాపండితుఁడు తన యూరి స్థలనామములను విని వ్రాసికొని, పోల్చి, పత్రికలోఁ బ్రకటించినచో నది తెవికీకి నాధారమగును. తెవికీ చర్చాపుటలోఁ బొడమిన సంశయము మరల పత్రికకు విషయమగును. జాలమును మాత్రమే నమ్ముకొనరాదు. యాహూ గ్రూపులు 2020లో మూతపడెను. ప్రతులు తీసి దాఁచుకొనని సంఘముల సంభాషణలు వానితోడనే పోయెను.

సమావేశముల యక్కఱయుఁ దీఱలేదు. తెరపైఁ బరిచితులైన తెవికీ సభ్యులు దశాబ్దివేడుకకై 2014లో విజయవాడయందును, వింశతివర్షోత్సవమునకై 2024 జనవరిలో విశాఖపట్టణమునందును గలిసికొనిరి. వీ రొసఁగిన పురస్కారమునకుఁ గొమఱ్ఱాజువారి పేరే యుంచిరి. మండలిని నెలకొల్పిన యాతని మార్గమే తమదియని వీ రెఱిఁగిరనుట కిది నిదర్శనము.

చందా కట్టినమాత్రన నెవఁడును సభ్యుఁడు గాఁడు. సంఘము తనకొక పని యప్పగించిన నాఁడే సభ్యుఁడగును. దేవరాపల్లి వంటి యూళ్ల వృద్ధులు జీవించియున్నప్పుడే యా పని నారంభించుట పండితులకుఁ గర్తవ్యము.