మెదడులో సందు చుక్కల ముగ్గు

అర్ధరాత్రి లైటు వేయకుండానే వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తాం. కళ్ళకేమీ కనబడదు, చేతిలో జీపీఎస్ ఉండదు. మరి ఎక్కడున్నామో మెదడు ఎలా లెక్క కడుతోంది?

1971లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జాన్ ఓకీఫ్, జొనాథన్ డోస్ట్రోవ్‌స్కీ ఎలుక మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో సన్నని తీగలు పెట్టి చూశారు. ఎలుక ఒక ఫలానా చోటికి రాగానే ఒక కణం విద్యుత్ సంకేతాలతో పలికేది, అక్కణ్ణుంచి కదిలితే ఊరుకునేది. ఇంకో చోటికి ఇంకో కణం. వీటికి ప్లేస్ సెల్స్ అని పేరు.

అసలు విచిత్రం 2005లో నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో బయటపడింది. మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ల బృందం పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో చూస్తే, ఒకే కణం ఎన్నో చోట్ల పలుకుతోంది. ఆ చోట్లన్నీ గుర్తులు పెడితే అచ్చం మన సందు చుక్కల ముగ్గు! ప్రతి చుక్క చుట్టూ సమదూరంలో ఆరు చుక్కలు. నేల మీద ఎవరూ పెట్టినవి కావు, ఎలుక తన నడక వేగాన్నీ దిక్కునూ కలుపుకుంటూ మెదడులో పెట్టుకున్నవి. చీకట్లో కూడా అవి నిలిచే ఉన్నాయి. వీటిని గ్రిడ్ సెల్స్ అన్నారు.

ఇన్ని చోట్ల పలికే కణం వల్ల ఉపయోగమేమిటి? ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకు నచ్చే కిటుకు ఇక్కడే ఉంది. గడియారంలో నిమిషాల ముల్లు 3 మీద ఉన్నంత మాత్రాన టైమెంతో తెలీదు, గంటల ముల్లు కూడా చూడాలి. అలాగే కొన్ని కణాల చుక్కలు దగ్గరదగ్గరగా, కొన్నిటివి ఎడంగా ఉంటాయి. ఈ ఎడం మెట్లుమెట్లుగా, ఒక్కో మెట్టుకు సుమారు 1.4 రెట్లు పెరుగుతుందని 2012లో మోసర్ల ప్రయోగశాల కొలిచింది. అన్ని మెట్లనూ కలిపి చదివితే మిగిలేది ఒక్క చోటే అన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఇంత పొదుపైన కోడ్ మనలో ఎందరు రాసి ఉంటాం?

2014 నోబెల్ వైద్య బహుమతి ఓకీఫ్‌కూ మోసర్లిద్దరికీ కలిపి ఇచ్చారు. మూర్ఛ వ్యాధి చికిత్స కోసం ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగుల్లో, 2013లో, మనుషుల్లోనూ ఇలాంటి కణాలున్నట్టు కనుగొన్నారు.

ఎలుకల గొడవ మనకెందుకని వదిలేయడానికి లేదు. ఆల్జీమర్స్ జబ్బు మొట్టమొదట దెబ్బతీసే భాగాల్లో ఈ ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. అందుకే కొందరిలో దారి తప్పడం తొలి లక్షణాల్లోనే కనబడుతుంది. మన దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు ఒకేలా ఉండే ఇళ్ళ మధ్య దారి తప్పితే కంగారు పడక్కరలేదు, అది మనకూ జరిగేదే. ముప్ఫై ఏళ్ళుగా నడిచిన బజారు నుంచి ఇంటికి రావడానికి తడబడుతున్నారంటే మాత్రం వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి. కారణం వేరేదీ కావచ్చు, కానీ తెలుసుకోవాలి. ఆ మాట ఫోన్లో నాన్నగారు తమంతట తాము చెప్పరు, పక్కింటివాళ్ళనే అడగాలి.